గ్లాసు మారినా మద్యం మద్యమే

* సీసా కనిపించకపోతే కేసు ఉండదన్నది అపోహ
* చట్టం చూసేది పాత్రను కాదు.. అందులోని ద్రవాన్ని, తాగిన చోటును
* ఖాళీ గ్లాసు ఒక్కటే నేరానికి రుజువు కాజాలదు

తర్లుపాడు: దుకాణంలో మద్యం సీసా కొని, పక్కనున్న బడ్డీ కొట్టులో నీళ్ల ప్యాకెట్లు, రెండు డిస్పోజబుల్ గ్లాసులు తీసుకొని ఊరి చివర చెట్టు కిందకో, చెరువు కట్ట మీదకో చేరడం పశ్చిమ ప్రకాశంలో కొత్త విషయం కాదు. తర్లుపాడు మొదలుకొని మార్కాపురం, కంభం, గిద్దలూరు వరకు పొద్దుగూకే వేళ ఈ దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. సీసాను సంచిలో దాచి, మద్యాన్ని గ్లాసులో పోసి శీతల పానీయం కలుపుకుంటే అది ‘తెరిచిన మద్యం’ కిందకు రాదని, సీసా చేతిలో లేనంత వరకు పోలీసులు ఏమీ చేయలేరని పలువురు గట్టిగా నమ్ముతుంటారు. మరోవైపు, విందు ముగిశాక మిగిలిన ఖాళీ గ్లాసులు తమ పొలంలోనో, వాహనంలోనో దొరికితే తమపై కేసు పెడతారేమోనని భయపడేవారూ ఉన్నారు. చట్టాన్ని పరిశీలిస్తే ఈ నమ్మకమూ సరికాదు, ఆ భయమూ సరికాదు.

గ్లాసులో పోసిన మద్యం చట్టం దృష్టిలో ఏమవుతుంది, ఎక్కడ తాగితే నేరం, ఎక్కడ కాదు, నేరాన్ని రుజువు చేయాలంటే ఏమి కావాలి, పొరుగు రాష్ట్రాల తీర్పులు, విదేశీ చట్టాలు ఏమంటున్నాయన్న అంశాలపై సమగ్ర వివరాలివి.

గ్లాసు ప్రస్తావనే లేదు

రాష్ట్రంలో మద్యం తయారీ, రవాణా, అమ్మకం, నిల్వలను నియంత్రించే ప్రధాన శాసనం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం. ఈ చట్టం మద్యాన్ని నిర్వచించేటప్పుడు సీసాను గానీ, గ్లాసును గానీ ప్రమాణంగా తీసుకోలేదు. స్పిరిట్, వైన్, బీరు, కల్లుతో పాటు ఆల్కహాలు కలిసిన ద్రవాలన్నిటినీ మద్యంగానే పరిగణించింది. అందువల్ల విస్కీలో సోడా కలిపినా, బ్రాందీలో శీతల పానీయం కలిపినా అది మద్యం కాకుండా పోదు. గాజు సీసా నుంచి కాగితపు గ్లాసులోకి మారినంత మాత్రాన దాని స్వభావం మారదు.

పాత్ర మారడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు కల్లు ముంతలో వచ్చేది. 1980వ దశకంలో ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వమే సారాను పాలిథిన్ ప్యాకెట్లలో సరఫరా చేయించింది. ఆ ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరిన తర్వాతే పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినా సారాపై నిషేధం కొనసాగింది. ముంత, సీసా, ప్యాకెట్టు, ఇప్పుడు డిస్పోజబుల్ గ్లాసు.. ఇన్ని పాత్రలు మారినా శాసనకర్తలు నియంత్రించింది లోపలి ద్రవాన్నే.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. అమెరికాలో ‘తెరిచిన మద్యం పాత్ర’ అనే ప్రత్యేక నేరం ఉంది. మన కేంద్ర మోటారు వాహనాల చట్టంలో అలాంటి పేరుతో నేరమేదీ లేదు. మన దగ్గర మద్యం సేవనానికి సంబంధించిన కేసులన్నీ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. తాగిన చోటు ఎలాంటిది? తాగిన వ్యక్తి ప్రవర్తన ఎలా ఉంది? అతడు వాహనం నడిపాడా? గ్లాసు ప్లాస్టిక్‌దా, కాగితానిదా, స్టీలుదా అన్నది వీటిలో ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

బహిరంగ ప్రదేశం అంటే ఏది?

రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లో లేదు. 21 ఏళ్లు నిండిన వ్యక్తి దుకాణంలో కొన్న మద్యాన్ని పరిమితికి లోబడి ఇంటికి తీసుకెళ్లి, ఇతరులకు ఇబ్బంది కలగకుండా సేవించడం నేరం కాదు. అనుమతి ఉన్న బారులోనూ, దుకాణానికి అనుబంధంగా అనుమతి పొందిన పర్మిట్ గదిలోనూ తాగవచ్చు. పెళ్లిళ్లకు, విందులకు కల్యాణ మండపంలో మద్యం వడ్డించాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ముందుగా తాత్కాలిక అనుమతి పొందాలి.

ఇవి మినహా రోడ్డు పక్కన, బస్టాండులో, పాఠశాల ఆవరణలో, ఆలయ పరిసరాల్లో, చెరువు కట్టపై కూర్చొని తాగితే అది బహిరంగ మద్యపానం కిందకు వస్తుంది. ఇలాంటి ఘటనల్లో పోలసులు సందర్భాన్ని బట్టి ఎక్సైజ్ చట్టాన్ని గానీ, 1889 నాటి పట్టణ న్యూసెన్సుల చట్టాన్ని గానీ, భారతీయ న్యాయ సంహితను గానీ ప్రయోగిస్తుంటారు. పట్టణ న్యూసెన్సుల చట్టం పేరుకు తగ్గట్టే పట్టణాలకు ఉద్దేశించినది. ప్రభుత్వం విస్తరింపజేసిన ప్రాంతాల్లోనే అది వర్తిస్తుంది. కాబట్టి గ్రామీణ ప్రాంతంలో కేసు నమోదైనప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారన్నది తప్పక చదువుకోవాలి.

కారు అద్దాలు ఎక్కించుకొని లోపల గ్లాసులో తాగితే అది సొంత స్థలంలో తాగినట్టే కదా అన్న ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఈ ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2016 జూన్‌లో జార్ఖండ్ నుంచి పట్నాకు కారులో వెళ్తున్న కొందరిని బిహార్‌లోని నవాదా జిల్లా రజౌలీ తనిఖీ కేంద్రంలో ఆపి శ్వాస పరీక్ష చేశారు. తాము సొంత వాహనంలో ఉన్నామని, అది బహిరంగ ప్రదేశం కాదని వారు వాదించారు. సత్వీందర్ సింగ్ సలూజా వర్సెస్ బిహార్ రాష్ట్రం కేసులో జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం.జోసెఫ్ ధర్మాసనం 2019 జులై 1న ఈ వాదనను తోసిపుచ్చింది. ప్రజా రహదారిపై వెళ్తున్న ప్రైవేటు వాహనాన్ని ప్రజలు సమీపించేందుకు వీలుంటుందని, కాబట్టి అది బహిరంగ ప్రదేశం నిర్వచనం పరిధిలోకి వస్తుందని తేల్చింది.

ఆ తీర్పు బిహార్ ఎక్సైజ్ చట్టంలోని నిర్వచనంపై వచ్చినది. బిహార్‌లో మద్యనిషేధం ఉంది, ఇక్కడ లేదు. అయినా రహదారిపై నిలిపిన కారు ఇంటి గదితో సమానం కాదని న్యాయస్థానం చెప్పిన తర్కం ఇక్కడి వారూ గుర్తుంచుకోదగినది. మార్కాపురం మీదుగా సాగే 565వ నంబరు జాతీయ రహదారి పక్కన కారు నిలిపి, గ్లాసులు పైకి కనిపించకుండా తాగినంత మాత్రాన ‘ఇది నా సొంత చోటు’ అనడం చెల్లుబాటు కావడం కష్టమే.

ఊరి చివర ఎవరూ చూడరన్న ధీమా కూడా ఇప్పుడు పనికిరాదు. 2024, 2025 సంవత్సరాల్లో రాష్ట్రంలోని పలు జిల్లాల్లో పోలీసులు శివారు తోటలు, గుట్టలు, నిర్జన ప్రదేశాలపై డ్రోన్లు ఎగురవేసి బహిరంగ మద్యపానాన్ని గుర్తించారు. పైనుంచి చూసే కెమెరాకు సీసా, గ్లాసు రెండూ ఒకటే.

తాగడం వేరు.. అల్లరి చేయడం వేరు

2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. మత్తులో బహిరంగ ప్రదేశంలో అనుచితంగా ప్రవర్తించడం పాత చట్టంలో 510వ సెక్షను కాగా, కొత్త చట్టంలో 355వ సెక్షను. పాత చట్టంలో 24 గంటల వరకు సాధారణ జైలు లేదా రూ.10 వరకు జరిమానా ఉండేది. ఇప్పుడు జైలు గడువు అంతే ఉన్నా జరిమానాను రూ.1,000 వరకు పెంచారు. శిక్షగా సమాజ సేవ చేయించే అధికారాన్నీ న్యాయస్థానానికి కల్పించారు.

ఈ సెక్షను వర్తించాలంటే రెండు అంశాలు రుజువు కావాలి. ఒకటి, ఆ వ్యక్తి మత్తులో ఉండటం. రెండు, బహిరంగ ప్రదేశంలో లేదా తనకు ప్రవేశించే హక్కు లేని చోట ఇతరులకు చికాకు కలిగేలా ప్రవర్తించడం. చేతిలో గ్లాసు ఉండటమే ఈ నేరం కాదు. అలాగే చేతిలో గ్లాసు లేనంత మాత్రాన తప్పించుకోవడమూ సాధ్యం కాదు. దారిన పోయే మహిళలపై కేకలు వేసినా, ఇంటి ముందు నిలబడి దూషించినా గ్లాసు ఎప్పుడో పారేశామన్న వాదన పనికిరాదు. ఈ నేరం బెయిలుకు వీలైనది. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరాల జాబితాలో లేదు.

రైల్వే ఆవరణలో నిబంధన ఇంకా కఠినం. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలోని తర్లుపాడు, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు వంటి స్టేషన్లన్నిటికీ 1989 నాటి రైల్వే చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం 145వ సెక్షను ప్రకారం రైలు పెట్టెలో గానీ, రైల్వే స్థలంలో గానీ మత్తులో ఉండటమే నేరం. ఇతరులకు చికాకు కలిగిందని వేరుగా చూపనక్కర్లేదు. టికెట్టు రద్దు చేసి బయటకు పంపవచ్చు. ఆరు నెలల వరకు జైలు, రూ.500 వరకు జరిమానా విధించవచ్చు. ప్లాట్‌ఫాం చివర బెంచీపై టీ గ్లాసులో మద్యం పోసుకొని కూర్చునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్టీరింగు పట్టినవారికి కొలత ఒక్కటే

వాహనం నడిపేవారి విషయంలో చట్టం గ్లాసు వంక చూడదు, రక్తం వంక చూస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మరోసారి పట్టుబడితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా రూ.15 వేలకు పెరుగుతుంది. సవరణకు ముందు ఈ జరిమానాలు రూ.2 వేలు, రూ.3 వేలు మాత్రమే.

ఈ సెక్షను నడిపే వ్యక్తికి, నడపబోయే వ్యక్తికి వర్తిస్తుంది. వెనుక సీట్లో గ్లాసు పట్టుకున్న ప్రయాణికుడిపై 185 కింద కేసు ఉండదు. అతడు బహిరంగ ప్రదేశంలో తాగిన విషయం వేరే చట్టం కిందకు వస్తుంది. డ్రైవరు తాగకపోయినా అతడి పక్కన సగం నిండిన గ్లాసు కనిపిస్తే పోలీసులకు అనుమానం కలగడం సహజం. అయితే 185 కింద నేరాన్ని తేల్చేది పరీక్షే తప్ప గ్లాసు కాదు.

రుజువు భారం ఎవరిది?

‘గ్లాసులో ఏముందో ఎలా చెప్పగలరు?’ అన్నది నిందితుల వైపు నుంచి తరచూ వినిపించే వాదన. ఇందులో కొంత న్యాయం ఉంది. గ్లాసులోని ద్రవం మద్యమేనని రుజువు చేయాల్సిన బాధ్యత కేసు పెట్టిన వారిదే. సాధారణంగా మధ్యవర్తుల సమక్షంలో ద్రవాన్ని స్వాధీనం చేసుకొని, నమూనాను సీసాలోకి మార్చి సీలు వేసి రసాయన పరీక్షకు పంపుతారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదాలు, స్వాధీనాలను వీడియో తీయాలి. గ్లాసులోని మద్యాన్ని నేలపై పారబోసి, వట్టి గ్లాసును మాత్రమే కోర్టు ముందుంచితే ఆ కేసు బలహీనపడుతుంది.

మత్తు విషయంలోనూ సుప్రీంకోర్టు ఇలాంటి జాగ్రత్తనే సూచించింది. బాచుభాయ్ హసనల్లీ కర్యానీ వర్సెస్ మహారాష్ట్ర కేసులో 1971లో తీర్పు ఇస్తూ, నోటి నుంచి మద్యం వాసన వచ్చిందని, నడక తూలిందని, మాట తడబడిందని, కంటిపాపలు పెద్దవయ్యాయని వైద్యుడు చెప్పినంత మాత్రాన మద్యం తాగినట్టు నిర్ధారించలేమని, రక్త, మూత్ర పరీక్షలు జరగలేదని న్యాయస్థానం ఎత్తిచూపింది. ఇటీవల 2021లో కేరళ హైకోర్టు సైతం వాసన వచ్చినంత మాత్రాన మనిషి మత్తులో ఉన్నట్టు కాదని, ఇతరులకు ఇబ్బంది కలిగించకుండా ప్రైవేటు స్థలంలో తాగడం నేరం కాదని పేర్కొంది.

దీన్ని బట్టి పొలం గట్టుపై దొరికిన ఖాళీ గ్లాసులను చూపించి ఆ రైతుపై మద్యం కేసు పెట్టడం నిలబడదు. రాత్రి ఎవరో వదిలి వెళ్లిన గ్లాసులను ఉదయం ఏరివేస్తున్న పారిశుద్ధ్య కార్మికుడు భయపడాల్సిన పని అసలే లేదు. అయితే నిండు గ్లాసు, పక్కనే తెరిచిన సీసా, ప్రత్యక్ష సాక్షులు, శ్వాస పరీక్ష ఫలితం, వీడియో.. ఇవన్నీ ఒకచోట చేరితే గ్లాసు కూడా బలమైన సాక్ష్యమే అవుతుంది.

సీలు తీసిన క్షణం నుంచి..

గ్లాసుకు చట్టంలో ప్రాధాన్యం లేకపోయినా సీలుకు మాత్రం ఉంది. మద్యం దుకాణదారు సీలు వేసిన సీసానే అమ్మాలి. సీసా మూత తీసి గ్లాసులో కొలిచి లూజుగా అమ్మడానికి దుకాణం లైసెన్సు అనుమతించదు. కొలిచి పోసే అధికారం బారుకు ఉంటుంది. ఇక లైసెన్సే లేని బెల్టు దుకాణంలో సీసా అమ్మినా, గ్లాసు అమ్మినా రెండూ నేరమే. కిరాణా కొట్టు ముందు బల్ల వేసి ప్లాస్టిక్ గ్లాసుల్లో మద్యం పోసి ఇచ్చే వ్యక్తి తాను ‘గ్లాసులు మాత్రమే అమ్ముతున్నాను’ అంటే సరిపోదు.

దుకాణం వద్దే తాగేందుకు వీలు కల్పించే పర్మిట్ గదుల విధానం రాష్ట్రంలో పలుమార్లు మారింది. 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే దుకాణాలను నిర్వహించింది. అప్పుడు పర్మిట్ గదులను ఎత్తివేశారు. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటు వ్యక్తులకు దక్కాయి. 2025లో పర్మిట్ గదులకు ప్రభుత్వం మళ్లీ అనుమతి ఇచ్చింది. అనుమతి ఆ గది నాలుగు గోడలకే పరిమితం. గ్లాసు పట్టుకొని గది దాటి రోడ్డు మీదకు వస్తే అది బహిరంగ మద్యపానమే అవుతుంది.

జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించింది. 20 వేలు, అంతకంటే తక్కువ జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో ఈ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. రహదారిపై తాగి నడిపే ప్రమాదాలను నివారించడమే ఈ ఆదేశాల ఉద్దేశం. దుకాణం దూరం జరిగినా సీసా కొని రోడ్డు పక్కకే చేరి గ్లాసులు పరిస్తే ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది.

సీలుకు ప్రాణంతో ముడిపడిన మరో ప్రయోజనమూ ఉంది. 2025 అక్టోబరులో అప్పటి అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడిన తర్వాత ప్రభుత్వం ‘ఏపీ ఎక్సైజ్ సురక్ష’ యాప్‌ను తెచ్చింది. సీసాపై ఉన్న కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే అది అసలుదో కాదో తెలుస్తుంది. గ్లాసులో పోసి ఇచ్చిన మద్యానికి ఆ అవకాశం లేదు. అందులో ఏ ద్రవం కలిపారో కంటికి కనిపించదు. 2020 జులై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి కారణంగా మద్యం దుకాణాలు మూతపడగా, కొందరు శానిటైజరును నీళ్లలోనూ, శీతల పానీయాల్లోనూ కలుపుకొని తాగి పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్లాసులో ఉన్నదేమిటో తెలియకుండా తాగడం ఎంత ప్రమాదమో చెప్పేందుకు ఈ ప్రాంతానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికాలో ఎర్ర గ్లాసు

చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్లిన యువత అక్కడి చట్టాన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇక్కడ లేని ‘తెరిచిన మద్యం పాత్ర’ నేరం అక్కడ ఉంది. 1998లో ఆ దేశ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ప్రజా రహదారిపై వెళ్లే వాహనంలో ప్రయాణికులు కూర్చునే భాగంలో తెరిచిన మద్యం పాత్ర ఉండకుండా రాష్ట్రాలు చట్టాలు చేయాలి. చేయని రాష్ట్రాలకు వచ్చే రహదారుల నిధుల్లో కొంత భాగాన్ని భద్రతా కార్యక్రమాలకు మళ్లిస్తారు. పాత్ర అంటే ఏమిటో ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. సీసా, డబ్బా లేదా మరే ఇతర పాత్రలోనైనా ఎంత కొంచెం మద్యం ఉన్నా, అది తెరిచి ఉన్నా, సీలు తెగి ఉన్నా, అందులోంచి కొంత తీసి ఉన్నా తెరిచిన పాత్రే. విందుల్లో వాడే ఎర్రని ప్లాస్టిక్ గ్లాసుకు మూతా ఉండదు, సీలూ ఉండదు. కాబట్టి అందులో చుక్క మద్యం ఉన్నా అది తెరిచిన పాత్ర కిందే లెక్క.

తెలుగువారు అధికంగా ఉండే టెక్సాస్‌లో ఈ నేరానికి 500 డాలర్ల వరకు జరిమానా విధిస్తారు. డ్రైవరు తాగలేదన్న వాదన దీనికి అడ్డు కాదు. వాహనం వెనుక డిక్కీలో ఉంచిన పాత్రకు మినహాయింపు ఉంది. లూసియానా రాష్ట్రంలో కారులోంచి దిగకుండానే చల్లని మద్య పానీయాన్ని మూత పెట్టిన గ్లాసులో కొనుక్కోవచ్చు. అయితే మూత తీసినా, గ్లాసులో స్ట్రా గుచ్చినా, కొంచెం తాగినా అది తెరిచిన పాత్రగా మారుతుంది. అదే రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ప్లాస్టిక్ గ్లాసు పట్టుకొని వీధిలో నడుస్తూ తాగడానికి అనుమతిస్తారు. గాజు సీసాను మాత్రం అనుమతించరు. పగిలిన గాజు వల్ల గాయాలు కాకూడదన్నదే కారణం. ఊరూరా నిబంధన మారుతుంది కాబట్టి తోటి విద్యార్థి చెప్పిన మాటను నమ్మి గ్లాసుతో కారెక్కడం శ్రేయస్కరం కాదు. తాగి వాహనం నడిపి అరెస్టయితే వీసా రద్దయ్యే అవకాశమూ ఉంది.

గ్లాసే నిషిద్ధ వస్తువు

మద్యం సంగతి అటుంచితే, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసు తానే చట్టవిరుద్ధమైన వస్తువు. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు తదితర వస్తువుల తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం దేశమంతటా నిషిద్ధం. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉల్లంఘనకు గతంలో జైలు శిక్ష ఉండేది. 2023లో చేసిన జన విశ్వాస్ చట్టం దాన్ని తొలగించి, రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు అపరాధ రుసుము విధించేలా మార్చింది.

అంటే గ్లాసులో పోసుకుంటే తప్పించుకోవచ్చని భావించే వ్యక్తి ఒక తప్పును కప్పిపుచ్చేందుకు మరో నిషిద్ధ వస్తువును చేత పట్టుకున్నట్టే. పారేసిన గ్లాసులు కాలువలకు అడ్డుపడతాయి. మేతకు వచ్చిన పశువులు ప్లాస్టిక్‌ను మింగుతాయి. పగిలిన సీసా పెంకులు పొలంలో దిగే కూలీల కాళ్లకు గుచ్చుకుంటాయి. మద్యం తాగనివారు సైతం ఈ నష్టాన్ని భరించాల్సి వస్తోంది.

ఇవి గుర్తుంచుకోండి

గ్లాసులో పోసుకొని తాగితే కేసు పెట్టరా?
పెట్టవచ్చు. చోటు, ప్రవర్తన, వాహనం నడపడం.. వీటిని బట్టి కేసు ఉంటుంది. పాత్రను బట్టి కాదు.

సొంత ఇంట్లో, సొంత పెరట్లో గ్లాసులో తాగడం నేరమా?
చట్టం అనుమతించిన మద్యాన్ని పరిమితికి లోబడి, ఇతరులకు ఇబ్బంది కలగకుండా సేవిస్తే నేరం కాదు. తాగేవారికి 21 ఏళ్లు నిండాలి.

రోడ్డు పక్కన ఆపిన కారులో తాగితే?
రహదారిపై ఉన్న ప్రైవేటు వాహనం బహిరంగ ప్రదేశమేనని బిహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత కారు రక్షణ కల్పిస్తుందని నమ్మరాదు.

పక్కవారు తాగుతున్నారు, చేతిలో ఉన్నది శీతల పానీయమే. ఏం చేయాలి?
గ్లాసును పారబోయకుండా ఉంచడమే మేలు. శ్వాస పరీక్షకు, వైద్య పరీక్షకు సిద్ధమని చెప్పాలి. గ్లాసులోని ద్రవం నమూనా తీయమని కోరాలి. పారబోసినా, పారిపోయినా అనుమానం బలపడుతుంది.

కేసు నమోదైతే?
ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకొని సెక్షను చూసుకోవాలి. ‘చిన్న కేసే కదా, జరిమానా కట్టేద్దాం’ అని నేరం ఒప్పుకొనే ముందు న్యాయవాదిని సంప్రదించాలి. నేరం ఒప్పుకొని జరిమానా కడితే అది శిక్ష పడిన కేసు కిందే నమోదవుతుంది. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు జరిపే విచారణలో ఆ వివరం బయటకు వస్తుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు మండల న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

బడి పక్కన, ఇళ్ల మధ్య తాగుతుంటే ఎవరికి చెప్పాలి?
112కు ఫోను చేయవచ్చు. పోలీసుస్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు పొందవచ్చు. తేదీ, సమయం, చోటు రాయాలి. సీసాలు కనిపించలేదని, గ్లాసులే ఉన్నాయని సంకోచించనక్కర్లేదు. అందులో ఉన్నదేమిటో తేల్చాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుది కాదు, దర్యాప్తు అధికారిది.